కొండాపురపు బంగారు నాణెము: రోమక గణరాజ్యపు చివరి దినములు

(చిరాగ్‌పల్లి పఠనమందిరమున చేయబడిన ప్రసంగపాఠము)



ప్రాచీన రోమును గూర్చి ప్రసంగింపుమని మీరు మమ్ము కోరితిరి. చిరాగ్‌పల్లిలో కూర్చుండి రోము మాట మన కేల యని కొందరు నవ్వవచ్చును. కాని రోము మన గడపకు వచ్చియే యున్నది. మన సంగారెడ్డి జిల్లాలోనే, కొండాపురమున, కోటగడ్డ యను మట్టిదిబ్బ కలదు. 1940 మొదలు 1942 వరకు నిజాము రాజ్యపు పురావస్తుశాఖవారు గులాం యజ్దానీగారి యాజమాన్యమున ఆ దిబ్బను త్రవ్వించిరి. శాతవాహనుల నాటి పట్టణ మొకటి బయటపడెను. ఇటుక గోడలు, బౌద్ధకట్టడములు, కొలుములు, పూసలు, మట్టిబొమ్మలు, రాశులుగా నాణెములు దొరకెను. అక్కడ లభించిన వానిలో రోము చక్రవర్తి ఆగస్టసు ముద్ర గల బంగారు నాణె మొకటి. రోమక నాణెముల పోలికతో అచ్చొత్తిన మట్టిబిళ్ళలు కూడ అచట దొరకినవి. బహుశః మన స్త్రీలు ఆ చక్రవర్తి ముఖమును మెడలో వ్రేలాడదీసికొనిరేమో!

మేము న్యాయవాదులము. ఒక దస్తావేజు చేతికి వచ్చిన దనగా, దీనిని వ్రాసిన దెవరు, ముద్ర వేసిన దెవరు, ఏ హక్కున వేసిరి అని యడుగుట మా వృత్తిధర్మము. నాణెము కూడ దస్తావేజే. దీనిపై ముద్ర వేసినవాడు రాజునని ఎన్నడును చెప్పుకొనలేదు. తాను గణరాజ్యమును పునరుద్ధరించితి ననియే చాటుకొనెను. అయినను ఆ గణరాజ్యము మరల లేవలేదు. ఇది ఎట్లు జరిగెనో విచారించుటయే నేటి మా ప్రసంగవిషయము.

మొదట నాణె మిచటికి వచ్చిన దారిని చెప్పెదము. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు నడుమ ఈజిప్టునందలి యవన వర్తకు డొకడు, పేరు తెలియనివాడు, హిందూ మహాసముద్రపు రేవులను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అదియే పెరిప్లసు. భరుకచ్ఛమునకు దక్షిణముగా ఇరువది దినముల ప్రయాణమున పైఠాను, అచటినుండి తూర్పుగా పది దినముల ప్రయాణమున తగర పట్టణము గలవనియు, తగరమునుండి ముతక బట్టలును, నానావిధములైన సన్నని వస్త్రములును బండ్లపై రేవునకు పోవుచున్నవనియు అందు చెప్పబడినది. తూర్పుతీరమున మసాలియా దేశమున సన్నబట్ట విస్తారముగా నేయబడుచున్నదనియు నతడు వ్రాసెను. తగర మనగా నేటి ధారాశివ్ జిల్లాలోని తేర్ గ్రామమని ఫ్లీటు పండితుడు నిర్ణయించెను. మసాలియా మన మచిలీపట్టణపు సీమ. ఈ గ్రామము ప్రక్కగా పోవు 65వ నెంబరు జాతీయ రహదారి నొకసారి తలచుకొనుడు. పూనా, షోలాపురములనుండి వచ్చి, మన జహీరాబాదు మీదుగా హైదరాబాదు, సూర్యాపేట, బెజవాడ దాటి మచిలీపట్టణమున ముగియును. నేటి తారురోడ్డే నాటి బండ్లబాట యని మే మనము. కాని పడమటి కనుమలకును తూర్పుసముద్రమునకును నడుమ సరకు నడచిన దిక్కు మాత్రము రెండువేల యేండ్లుగా ఇదియే.

ఇక రోములో ఈ వర్తకమును గూర్చి మొర పెట్టినవారు లేకపోలేదు. ఏ సంవత్సరమునను హిందూదేశము ఐదుకోట్ల సెస్టర్సులకు తక్కువగాకుండ మన సామ్రాజ్యపు ధనమును లాగుకొనుచున్నదని ప్లీని పండితుడు వ్రాసెను. నూరు సెస్టర్సు లొక బంగారు నాణెము. అనగా ఏటేట ఐదు లక్షల బంగారు నాణెములు. ఆగస్టసు నాటి రోమక సిపాయికి సాలుకు జీతము తొమ్మిది వందల సెస్టర్సులు. ఈ లెక్కను ప్లీని చెప్పిన మొత్తము సుమారు 55 వేలమంది సిపాయిల యేడాది జీతమునకు సరి. టైబీరియసు చక్రవర్తియు క్రీ.శ. 22లో సెనేటునకు వ్రాసిన లేఖలో స్త్రీల రత్నములకై ధనము పరజాతులపాలగుచున్నదని వాపోయెను.

దీనిని చదివి మనవారిలో కొందరు, చూచితిరా, ఆనాడు మనము రోమును దోచితిమి, తరువాత ఆంగ్లేయులు మనలను దోచిరి, చెల్లునకు చెల్లు అందురు. ఈ మాట తప్పు. దాదాభాయి నౌరోజీగారు 1901లో తమ గ్రంథమున చూపిన ధనప్రవాహము వేరు, ప్లీని ఏడ్చిన ధనప్రవాహము వేరు. రోమకులు మన బట్టను, మన మణులను, మలబారు మిరియమును కోరి కొనిరి; వెల యిచ్చిరి; సరకు తీసికొనిపోయిరి. ఆంగ్లేయులును మొదట అట్లే చేసిరి. 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టుకొని వెండి తెచ్చి బట్ట కొనిరి. 1765లో వంగదేశపు దివానీ చేతికి వచ్చినపిమ్మట వెండి తెచ్చుట యెందుకు? రైతువద్ద శిస్తు వసూలుచేసి ఆ శిస్తుతోనే సాలెవాని బట్ట కొనిరి. మన సొమ్ముతో మన సరకు కొని తమ దేశమునకు పంపుకొనుట! దీనికి వర్తకమను పేరు చెల్లదు. ఇంకొక సంగతి. తూర్పుసరకుపై రోమక ప్రభుత్వము నూటికి ఇరువదియైదు చొప్పున సుంకము తీసెను. ప్లీని మొర పెట్టుచునే యున్నాడు, బొక్కసము నిండుచునే యున్నది.

అయిన ఈ బంగారము రోమున కెక్కడిది? యుద్ధములనుండి వచ్చినది. క్రీ.పూ. 31లో ఆక్టియము నౌకాయుద్ధమున ఆంటొనీని, క్లియోపాత్రాను ఓడించి, మరుసటి యేట ఆక్టేవియను ఈజిప్టును పట్టుకొనెను. ఇతడే పిదప ఆగస్టసు. టోలెమీ రాజుల నిధి రోమునకు చేరగానే వడ్డీ నూటికి పండ్రెండునుండి నాలుగునకు దిగెనని డయోను చరిత్రకారుడు వ్రాసెను. ఎఱ్ఱసముద్రపు రేవులు రోము వశమాయెను. ఆగస్టసు నాటికి ఏటేట 120 ఓడలు హిందూదేశమునకు సాగుచుండెనని స్ట్రాబో వినెను. ఈజిప్టు రైతు పన్ను చెల్లించెను, రోము ధనికుడు మన సన్నబట్ట కట్టెను. మన పట్టణములు వర్ధిల్లెను, నిజమే. కాని ఆ బంగారముపై నైలునది రైతు చెమటయు కలదని మరువరాదు.

ఒక గణరాజ్యపు పౌరు డింతటి నిధికి, ఇంతటి సైన్యమునకు ఒంటరిగా ఒడయు డెట్లాయెను? దీనికి నూరేండ్లు వెనుకకు పోవలయును.

రోము సైన్యము మొదట రైతుల సైన్యము. పొలము గలవాడే ఖడ్గము పట్టవలెను. కార్తేజితోడను, యవన రాజ్యములతోడను యుద్ధములు సాగినకొలది రైతు ఏండ్లతరబడి ఇంటికి దూరమాయెను. పొలము బీడుపడెను, అప్పుపాలాయెను. ధనికులు పొరుగు పొలములను, సర్కారు భూములను కలుపుకొనిరి. యుద్ధమున చెఱపట్టబడిన బానిసలను తెచ్చి వానిని దున్నించిరి. డీలసు ద్వీపపు సంతలో ఒక్క దినమున పదివేలమంది బానిసలను దింపి అమ్మగలిగెడివారని స్ట్రాబో మాట. దేశములు గెలిచినవాడు తన నాలుగెకరములు పోగొట్టుకొని రోము వీధులలో కూలికి నిలిచెను.

క్రీ.పూ. 133లో టైబీరియసు గ్రాకసు ట్రిబ్యూనుగా ఎన్నికయ్యెను. ట్రిబ్యూను అనగా సామాన్యజనుల రక్షణకై ఏర్పడిన అధికారి. ఏ చట్టమునైనను, ఏ ఉత్తరువునైనను 'నిషేధము' అను నొక్కమాటతో ఆపగలవాడు. అతని దేహమును తాకుట మహాపాతకము. గ్రాకసు కొత్తగా అడిగినది లేదు. సర్కారు భూమిని ఒక్కడు 500 యూగెరములకు మించి అనుభవింపరాదని పాత చట్టమే కలదు. దానిని నడపుడు, మిగులు భూమిని భూమిలేనివారికి పంచుడు అనెను. మన లెక్కను అది సుమారు 310 ఎకరములు. కొడుకులున్నచో ఇంకను కొంత. మన 1973 నాటి భూపరిమితి చట్టములో తరి 10 మొదలు 27 ఎకరములు, ఖుష్కీ 35 మొదలు 54 ఎకరములు. దీనితో సరిచూడగా గ్రాకసు ఎంత మెత్తనివాడో తెలియును.

ధనికులు ఆ మెత్తదనమునుగూడ ఓర్వలేదు. తోటి ట్రిబ్యూను అయిన ఆక్టేవియసును ముందు నిలిపి నిషేధము పలికించిరి. ఇచట మా వృత్తివారికి చిక్కు ప్రశ్న యొకటి వచ్చును. నిషేధాధికారము చట్టసమ్మతమే, కాని జనరక్షణకై యిచ్చిన అధికారమును జనులమీదనే త్రిప్పినవాడు ఆ పదవిలో నిలువదగునా? తగదని గ్రాకసు వాదించి, జనసభలో వోటు తీయించి, ఆక్టేవియసును తొలగించెను. ఇట్టి పని అంతకుముందు జరిగి యెరుగరు. వాదము న్యాయముగనే యున్నది. కాని అధికారి పదవికాలము ముగియకముందే వోట్లతో తొలగింపవచ్చునన్నచో రేపు అదే త్రోవను ఎవడైనను నడచును. మా మటుకు మేము గ్రాకసు పక్షమే. అయినను ఆ సంకటము సంకటమే.

సెనేటువారికి ఈ ధర్మసూక్ష్మముతో పనిలేకపోయెను. గ్రాకసు మరల ఎన్నికకు నిలిచిన దినమున ప్రధాన పురోహితుడైన సిపియో నాసికా ముందు నడువగా, సెనేటరులు విరిగిన బల్లకాళ్ళు, దుడ్డుకఱ్ఱలు పట్టుకొని సభపై బడిరి. ఎవరిని తాకుట పాతకమో ఆ ట్రిబ్యూనును కొట్టి చంపిరి. అతనితో సుమారు మూడువందలమంది చచ్చిరి. రాత్రి శవములను టైబరునదిలో వేసిరి. విచారణ లేదు, శిక్షాపత్రము లేదు. పండ్రెండేండ్లకు తమ్ముడు గాయసు గ్రాకసుకును అదే గతి పట్టెను. చట్టమునకు కాపలాదారులమని చెప్పుకొన్నవారే మొదట చట్టమును చంపిరి; సేనాపతులు తరువాత వచ్చిరి. ఈ వరుసను మీరు గుర్తుంచుకొనవలెనని మా కోరిక.

తెలంగాణములో ఈ కథ మనకు క్రొత్తది కాదు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకూలెను. వెట్టి, దేశ్‌ముఖుల భూములు, బేదఖలు, 1951 వరకు సాగిన సాయుధపోరాటము మీలో పెద్దలకు తమ పెద్దలనోట విన్నవే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావేగారికి వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు దానము చేసిరి. భూమి లేనివాని కడుపుమంట చట్టమున తీరనిచో వేరు త్రోవ వెదకుకొనును.

రోములో ఆ మంట సైన్యములోనికి పోయెను. క్రీ.పూ. 107లో మారియసు సేనాపతి పొలము లేని బీదలనుగూడ సైన్యమున చేర్చుకొనెను. యుద్ధము ముగిసినపిమ్మట ఆ సిపాయికి కావలసినది సెంటు భూమి. దానిని సెనేటు ఈయదు. ఇప్పించువాడు తన సేనాపతి యొక్కడే. ఇక సిపాయి ప్రమాణము దేశమున కెట్లుండును? క్రీ.పూ. 88లో సల్లా తన సేనను రోముమీదికి నడపుమన్నప్పుడు, దళనాయకులలో ఒక్కడు తప్ప అందరును అతనిని విడిచిపోయిరి. సిపాయిలు మాత్రము కదలక వెంట నడచిరి. తొలిసారి రోమక సైన్యము రోమును పట్టుకొనెను. క్రీ.పూ. 49లో సీజరు రూబికాను దాటినప్పుడు అది అలవాటైన పనియే. అతనిని క్రీ.పూ. 44లో సెనేటు సభలోనే పొడిచి చంపినవారు స్వాతంత్ర్యము వచ్చెనని కేకలు వేసిరి. 

మా వృత్తివాడైన సిసిరోను ఇచట తలచుకొనక తప్పదు. ఆంటొనీని అణచుటకై పందొమ్మిదేండ్ల ఆక్టేవియనును అతడే సెనేటులో పొగడి పైకెత్తెను. కుఱ్ఱవానిని వాడుకొని పిదప ప్రక్కకు నెట్టవచ్చునని అతని లెక్క. మరుసటి యేడే ఆ కుఱ్ఱవాడు ఆంటొనీతో చేతులు కలిపెను. వధింపవలసినవారి పట్టికలో సిసిరో పేరెక్కెను. క్రీ.పూ. 43 డిసెంబరులో అతని తలయు చేతులును తెచ్చి, అతడు ప్రసంగించుచుండిన వేదికమీదనే కట్టిరి.

ఆగస్టసు సీజరువలె అవివేకి కాడు. కిరీటము జోలికి పోలేదు. క్రీ.పూ. 27 జనవరిలో సెనేటులో లేచి, సర్వాధికారములను సెనేటునకును ప్రజలకును తిరిగి యిచ్చితి ననెను. సెనేటు బ్రతిమాలి కొన్ని రాష్ట్రములను అతనికి పదియేండ్లకు అప్పగించెను: స్పెయిను, గాలు, సిరియా, ఈజిప్టు. సైన్యములో అధికభాగము ఆ రాష్ట్రములలోనే యుండెను! ఈజిప్టులో సెనేటరులు అనుమతి లేక అడుగు పెట్టరాదని నిషేధించెను. క్రీ.పూ. 23లో కాన్సలు పదవిని విడిచి, దానికి బదులుగా ట్రిబ్యూను అధికారమును జీవితాంతము పుచ్చుకొనెను. ట్రిబ్యూను పదవి కాదు, ఆ పదవియొక్క అధికారము మాత్రమే! గ్రాకసు ఏ అధికారముతో బీదవానికై నిలిచి చచ్చెనో ఆ అధికారమునే చక్రవర్తి తన దేహమునకు కవచముగా తొడుగుకొనెను. తరువాతి చక్రవర్తులు తమ యేలుబడి సంవత్సరములను లెక్కించినది ఆ ట్రిబ్యూను అధికారపు సంవత్సరములతోనే. మేము చదివిన దస్తావేజులలో ఇంతటి నేర్పుగల కూటలేఖ్యము మరి లేదు. ప్రతి యక్షరమును అసలుదే, భావము మాత్రము తారుమారు.

సిపాయికి భూమినిగూడ అతడే యిచ్చెను. మూడులక్షలమందిని వలసగ్రామములందు నిలిపితిననియో, ఇండ్లకు పంపితిననియో, అందుకై ఇటలీ భూములకు 60 కోట్ల సెస్టర్సులు, బయటి రాష్ట్రముల భూములకు 26 కోట్లు వెల చెల్లించితిననియు తన శాసనమున వ్రాయించుకొనెను. అంకారా నగరపు ఆలయగోడపై ఆ శాసనము నేటికిని గలదు. గ్రాకసు అడిగినదానిని నూరేండ్ల పిమ్మట చక్రవర్తి యిచ్చెను. హక్కుగా కాదు, తన దయగా.

మన దేశమున అతని నాణెములలో తఱచుగా దొరకునది యొకటి చూడదగినది. ఒకవైపు ఆగస్టసు తల, చుట్టును 'దేశపిత' యను బిరుదు; రెండవవైపు అతని మనుమలు గాయసు, లూసియసులు డాళ్ళు, బల్లెములు పట్టి నిలిచియుందురు. పిల్లలు యుద్ధములు గెలిచిరా? లేదు. వారి అర్హత పుట్టుక యొక్కటే. గణరాజ్యము పేరిట అచ్చైన నాణెముపై వారసుల బొమ్మలు! ఇద్దరును యౌవనముననే చచ్చిరి గాని ఆ బొమ్మ మాత్రము మన దక్కను వఱకు వచ్చెను.

అతడు శాంతి నిచ్చెను గదా యని మీ రడుగవచ్చును. ఇచ్చెను. అంతఃకలహముల పిమ్మట రోమక లోకము ఊపిరి పీల్చుకొనెను. ఓడలు నడచెను, కొండాపురము పూసలు చేసెను. దీనిని కాదనుట అన్యాయము. కాని సేనాపతి ఒడయుడు కాకయు శాంతి రాదా? ఈ రోడ్డుమీదనే జరిగిన సంగతి చెప్పెదము. 1948 సెప్టెంబరులో భారతసైన్యము షోలాపురమునుండి ఈ దారినే జహీరాబాదు మీదుగా సాగెను. 17న నిజాము లొంగెను. మేజరు జనరలు చౌధురిగారు సైనిక గవర్నరు లైరి. ఆ దినములలో ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడులయందును, అప్పుడు మన తాలూకా చేరియుండిన బీదరు జిల్లాయందును ముస్లిము సోదరులపై జరిగిన ఘోరములను సుందర్‌లాల్ సంఘము తన నివేదికలో వ్రాసినది. వానిని దాచిపెట్టి మాటలాడుట మాకు సమ్మతము కాదు. తెలంగాణ రైతులపైనను ఆ సైన్యము నడచెను. అయినను 1949 ఆగస్టులో జాగీరుల రద్దు ఆ ప్రభుత్వమే చేసెను. ఏడాది ముగియుసరికి చౌధురిగారు దిగిపోయిరి. 1952లో వోట్లు జరిగి బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రు లైరి. సల్లాకును, సీజరుకును, ఆగస్టసునకును వెంటబడి భూమి యడిగిన సైన్యముండెను. చౌధురిగారి సిపాయికి జీతము, పింఛను సేనాపతి చేతిలో లేవు.

క్రీ.శ. 14 ఆగస్టు 19న ఆగస్టసు నోలా పట్టణమున మరణించెను. సవతికొడుకు టైబీరియసు సెనేటు సభలో నిలిచి, ఇంత భారము నాకు వలదని చాలసేపు పలికెను. సెనేటరులు కాళ్ళు పట్టుకొని వేడిరి. అతడు దయతో అంగీకరించెను. ఆ యేడే అధికారుల ఎన్నికలను జనసభనుండి తీసి సెనేటునకు మార్చిరి. జనులు కొంత గొణిగిరనియు, అంతకు మించి యేమియు జరుగలేదనియు టాసిటసు వ్రాసెను. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరకిన వెండి నాణెముల నిధిలో ఆ టైబీరియసు ముఖమును చూడవచ్చును.